విరగని రెక్క

పెన్నేట్లో నీళ్లు సన్నబడి, పాయ ఒక పక్కకు ఒదిగి పారుతున్న ఎండాకాలం. ఏటి నడుమ పొడుగాటి గులకరాళ్ల దిబ్బ ఒకటి బయటపడింది. దానికి పడమటి కొసన కంపచెట్ల గుబురు. తూర్పు కొసన రాళ్లు, రాళ్లు, ఇంకా రాళ్లు.

ఆ రాళ్ల మధ్య తిప్పన్న, ఈరమ్మ అనే తీతువు పిట్టల జంట కాపురం పెట్టింది. కాపురమంటే గూడు అనుకునేరు. పుల్ల లేదు, పీచు లేదు. చిన్న గుంట, అందులో నాలుగు గుడ్లు. మట్టిరంగు మీద నల్లటి మచ్చలు. రెండడుగులు వెనక్కి వేసి చూస్తే ఏది గుడ్డో ఏది రాయో కన్నవాళ్లకే తెలియదు. ఒకరోజు తిప్పన్న పూటంతా కదలకుండా పొదిగాడు.

"ఏమయ్యా, లే! అది రాయి," అంది ఈరమ్మ.

"తెలుసు. పాపం దాన్ని కూడా కాస్త వెచ్చగా ఉంచుదామని," అన్నాడు తిప్పన్న, ఏమీ జరగనట్టు పక్కకు జరుగుతూ.

ఇట్లాంటి చిన్న పనుల్లో తడబడినా, తిప్పన్నకు ఒక పెద్ద పని వచ్చు. ఆ పనిలో అతన్ని మించినవాడు ఆ ఏటి పొడుగునా లేడు. శత్రువును బట్టి మందు వేసేవాడు. కాకి వస్తే పైనుంచి దూకి నెత్తిన తన్నేవాడు. బర్రెల మంద వస్తే గుడ్ల ముందు రెక్కలు చాపి నిలబడి, అది అదిరిపోయేలా కేకలు పెట్టేవాడు. బర్రెకు పిట్టను తినే ఆశ ఉండదు, చెవులు నొప్పి పుడితే పక్కకు తిరిగి పోతుంది. ఇక కుక్కా ముంగిసా నక్కా లాంటివి వచ్చినప్పుడే అసలు ఆట. గుడ్లకు దూరంగా ఎగిరిపోయి, ధబ్బున నేల మీద పడేవాడు. ఒక రెక్క చచ్చుబడినట్టు ఈడ్చేవాడు. కుంటేవాడు. పొర్లేవాడు. వచ్చినవాడు 'ఆహా, ఎగరలేని పిట్ట' అని లాలాజలం కారుస్తూ వెంటపడేవాడు. వాణ్ణి అట్లా అట్లా ఫర్లాంగు దూరం లాక్కుపోయి, చివరికి టిట్టిట్టీ అని నవ్వుతూ గాల్లోకి లేచేవాడు.

ఆట అయ్యాక ఇంటికొచ్చి ఈరమ్మకు మొత్తం మళ్లీ చేసి చూపించేవాడు. ఆమె చూసినా చూడకపోయినా.

గుడ్లు పిల్లలయ్యే రోజు దగ్గరపడింది. ఎండ మాత్రం నిప్పులు చెరుగుతోంది. గుడ్లు ఉడికిపోకుండా ఇద్దరూ వంతుల వారీగా పాయ దగ్గరికి పోయి, పొట్ట ఈకలు నీళ్లలో తడిపి తెచ్చి గుడ్లను చల్లబరుస్తున్నారు. ఆ మధ్యాహ్నం తిప్పన్న వంతు. పాయలో పొట్ట ముంచి కళ్లు మూసుకున్నాడో లేదో, వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఆహా! కనబడినావా అల్లుడా!"

తిప్పన్న ఒక్క ఎగురు ఎగిరి పాయ నడుమ రాయి మీద వాలాడు. ఒడ్డున రెల్లు నీడలో కాళ్లు బారజాపుకుని పడుకుని ఉన్నాడు నక్క ఓబులేసు. కిందటేడు తిప్పన్న చేతిలో మోసపోయినవాడే.

"బెదరొద్దు, బెదరొద్దు. కడుపు నిండా ఎండ్రకాయలు తినిండా. లేచే ఓపిక కూడా లేదు," అన్నాడు ఓబులేసు పొట్ట నిమురుకుంటూ. "నిన్ను చూడాలనే వచ్చినా."

"నన్నా? ఎందుకు మామా?"

"ఎందుకంటాడే! కిందటేడు ఈడి నుంచి రైలుకట్ట దాకా తిప్పినావు నన్ను. నాలుక మోకాళ్ల దాకా వేలాడింది. ఇంక పట్టేస్తా అనేసరికి లేచిపోయినావు. నాకు కోపమొచ్చింది అనుకుంటాండావేమో. లేదబ్బా! ఆ కట్ట మీదే కూలబడి ఏడ్చినా. ఇంత పనితనం ఉండి కూడా వీణ్ణి పట్టించుకునే నాథుడు లేడే అని."

తిప్పన్న మెడ అంగుళం సాగింది.

"అంతగా నచ్చిందా?"

"నచ్చడమా! నాలుగూళ్లు తిరిగినోణ్ణి, మాయలోళ్లను మస్తుగా చూసినా. నీ పక్కన నిలబడేవాడు ఒక్కడు లేడు. నిజం చెప్పు, ఆ రోజు నీ రెక్క కొంచెమన్నా విరగలేదా?"

"ఈక కూడా వంగలేదు మామా!"

"నమ్మను."

అంతే. తిప్పన్న తడిసిన పొట్టతోనే ఒడ్డున ఉన్న ఇసుక మీదికి దూకి, నక్కకు పది గజాల దూరంలో ధబ్బున పడ్డాడు. రెక్క ఈడ్చాడు. మూలిగాడు. ఓబులేసు కళ్లు తుడుచుకున్నాడు.

"అబ్బబ్బా, గుండె తరుక్కుపోతాంది! ఎట్ల చేస్తావబ్బా? రెండు రెక్కలూ వాల్చేస్తే ఇంకా బాగుంటాది కదా?"

"ఊహూ, అతి అయిపోతుంది," అన్నాడు తిప్పన్న గంభీరంగా. "ఒక్కటే వాల్చాలి. ముందు పడాలి. పడినాక లేవబోయి మళ్లీ పడాలి. ఆ రెండో పడటం ఉంది చూడు, అక్కడ నోరూరుతుంది ఎవరికైనా. ఆమీద దూరం చూసుకోవాలి. మరీ దూరం పోతే వాడికి ఆశ పోతుంది, మరీ దగ్గర పోతే నాకు ప్రాణం పోతుంది."

"ఎంత లెక్క ఉందబ్బా దీంట్లో! మరి ఎక్కడ పడాలో ఎట్ల తెలుస్తాది? బుద్ధి పుట్టిన చోట పడిపోతావా?"

"బుద్ధి పుట్టిన చోటా!" తిప్పన్నకు పౌరుషం వచ్చింది. "గుట్టంతా అక్కడే ఉంది మామా. గుడ్లు ఒక దిక్కున ఉంటే సరిగ్గా ఎదురు దిక్కున పడాలి. గొంతు కూడా అంతే. వచ్చినోడు గుడ్లకు దగ్గరయ్యే కొద్దీ అరుపు పెంచాలి, దూరమయ్యే కొద్దీ..."

అక్కడ ఆగాడు. ముక్కు తెరుచుకునే ఉంది.

ఓబులేసు తాపీగా లేచి, ఒళ్లు విరుచుకుని, తోక దులుపుకున్నాడు.

"శానా సంతోషం అల్లుడా. ఆట చూసేదానికి రేపు పొద్దున మీ దిబ్బ మీదికే వస్తాలే. మంచి చోటు చూసుకుని కూర్చుంటా."

నక్క రెల్లులో కలిసిపోయింది. తిప్పన్న పొట్ట ఈకలు ఆరిపోయినా అక్కడే నిలబడి ఉన్నాడు.

దిబ్బ మీదికి వచ్చి జరిగింది జరిగినట్టు ఈరమ్మకు చెప్పాడు. ఆమె ఏమీ అనలేదు. తీతువు పిట్ట నోరు మూసుకుని కూర్చోవడం చూసి తిప్పన్న ఒక అడుగు వెనక్కి జరిగాడు. కొట్టినా బాగుండేది అనుకున్నాడు. పక్కన గడ్డిలో ఉండే కుందేలు కుళ్లాయప్పకు ఆ నిశ్శబ్దం వింతగా తోచి, చెవులు నిక్కించుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందక్కా? అరుపు లేదు, కేక లేదు, ఏట్లో అందరూ బాగున్నారా?"

"మీ బావ నక్కకు చదువు చెప్పి వచ్చినాడు," అంది ఈరమ్మ.

సంగతి విని కుళ్లాయప్ప మూతి టకటకా ఆడించాడు. "నా మాట వినక్కా. రేపు ఆటా వద్దు, పాటా వద్దు. కదలకుండా కూర్చోండి. నేనైతే చెవులు వీపుకు అతికించుకుని మట్టిగడ్డనై పోతా. పోయిన నెల డేగ నా నెత్తి మీద మూడు చుట్లు తిరిగింది. పసిగట్టలేకపోయింది. నాలుగో చుట్టు తిరిగుంటే మాత్రం, భయంతో నేనే 'ఇదిగో, ఈడ ఉండా' అని చెప్పేసేవాణ్ణి."

"అవునే ఈరమ్మా! కదలకుండా ఉందాం. నేను చచ్చినా నోరు తెరవను," అన్నాడు తిప్పన్న ఆశగా.

అప్పుడే ఈరమ్మ కింద నుంచి 'కిచ్' అని వినిపించింది. మళ్లీ 'కిచ్ కిచ్'. ముగ్గురూ కిందికి చూశారు. ఒక గుడ్డు మీద వెంట్రుకవాసి బీట.

"నువ్వు నోరు మూసుకుంటావు. వీటి నోరు ఎవరు మూస్తారు?" అంది ఈరమ్మ. "లోపల నుంచే పిలుస్తాండాయి. రేపు మధ్యాహ్నానికి బయటపడతాయి. బయటపడితే భయం లేదు, కాళ్లతోనే పుడతాయి, ఉరికి రాళ్లలో నక్కుతాయి. అంతదాకా ఎట్ల? ఆ నక్క చెవి నీకు తెలియదు. ఎలక బొరియలో ఆవలిస్తే వినే చెవి అది."

తిప్పన్న తల వాల్చేశాడు. ఈసారి మొదటి బిడ్డ గొంతు విన్న సంతోషం, ఆ గొంతును నక్కకు తానే అప్పజెప్పానన్న దిగులు, రెండూ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి.

"నన్ను తిట్టవే," అన్నాడు నీరసంగా.

"తిడతాలే, తీరిగ్గా తిడతా. ముందు ఇది చెప్పు. నువ్వు నేర్పింది వాడు నమ్మినాడా?"

"నమ్మకుండా ఎట్లుంటాడు? నిజమే కదా చెప్పినా."

"గుడ్లకు ఎదురు దిక్కున పడతావని నమ్మినాడు. గుడ్లకు దగ్గరైతే గొంతు పెంచుతావని నమ్మినాడు."

"అవును."

"అయితే రేపు గుడ్ల వైపే పడు."

తిప్పన్నకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్లంతా ఈకలు లేచాయి. "నా గుడ్ల వైపు నేనే నక్కను పిలవాలా?"

"నువ్వు పిలిచిన వైపు వాడు రాడు. అదే కదా వాడు నీ దగ్గర నేర్చుకున్న చదువు! నువ్వు తూర్పున పడితే పడమటికి పోతాడు." ఈరమ్మ కంపచెట్ల వైపు ముక్కు తిప్పింది. "పడమట ఉండేదెవరు?"

కుళ్లాయప్ప ఉన్నచోటే గిర్రున ఒక చుట్టు తిరిగి, కిచకిచా నవ్వాడు. "సుంకమ్మవ్వ!"

సుంకమ్మ ముళ్లపంది. పాత బొరియ ఇసుక ట్రాక్టర్ల కింద కూలిపోయి, వారం కిందటే ఆ గుబురులో కొత్త బొరియ తవ్వుకుంది. పగలంతా నిద్ర, మెలకువ వస్తే కోపం. ఆమె వచ్చిన సంగతి ఇంకా నక్కకు తెలియదు.

ఈరమ్మ ఎగిరిపోయి బొరియ ముందు నిలబడి నెమ్మదిగా పిలిచింది. లోపల నుంచి ముళ్లు గలగలమన్నాయి.

"ఎవురది? పగటిపూట నన్ను లేపింది ఎవురు?"

"నేనవ్వా, ఈరమ్మను. రేపు పొద్దున నీ ఇంటికి నక్కను పంపిద్దామని అడగవచ్చినా."

సంగతంతా విని సుంకమ్మ పెద్దగా ఆవలించింది. "పంపు తల్లీ. ముళ్లు బాణాల మాదిరి విసురుతానని నా గురించి లోకం చెప్పుకుంటాది. వట్టిది. నాకు విసరడం రాదు, వెనక్కి నడవడం వచ్చు. వాణ్ణి దగ్గరి దాకా రానీ, చాలు. ఇప్పుడు నన్ను లేపినావే, ఈ కోపం అట్లనే దాచిపెడతా. రేపు పనికొస్తాది."

తెల్లవారి ఎండ ఇంకా చురుక్కుమనక ముందే ఓబులేసు వచ్చాడు. దొంగచాటుగా రాలేదు. పెళ్లికి వచ్చిన పెద్దమనిషిలా తోక ఊపుకుంటూ ఒడ్డు దిగి, దిబ్బ నడుమకు వచ్చి నిలబడ్డాడు.

"అల్లుడా! ఇంక మొదలుపెట్టు!"

తూర్పు కొసన ఈరమ్మ గుడ్ల మీద రాయిలో రాయిలా కూర్చుంది. తిప్పన్న గాల్లోకి లేచి నక్క చుట్టూ ఒక చుట్టు కొట్టాడు. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు పడ్డాడో, ఎప్పుడూ గుడ్ల వైపు పడలేదు. రెక్కలు అటు తిరగనంటున్నాయి. కళ్లు మూసుకుని తూర్పుకే పడ్డాడు. ఈరమ్మకు సరిగ్గా అయిదడుగుల దూరంలో.

రెక్క ఈడ్చాడు. లేవబోయి మళ్లీ పడ్డాడు.

ఆ రెండో పడటం చూసి ఓబులేసుకు నిజంగానే నోరూరింది. తెలియకుండానే తిప్పన్న వైపు రెండడుగులు వేశాడు. మూడో అడుగు కూడా వేశాడు. తిప్పన్న ఇన్నాళ్లూ ఎంత బాగా పడితే అంత గొప్ప అనుకున్నాడు, ఈరోజు కాస్త చెత్తగా పడి ఉంటే బాగుండు అనిపించింది. అదే సమయానికి ఈరమ్మ కింద గుడ్డు 'కిచ్' మంది. తిప్పన్న అది వినపడకుండా గొంతు చించుకుని ఏడ్చాడు.

ఓబులేసు ఆగాడు. తల పక్కకు వాల్చి చూశాడు. తర్వాత పకపకా నవ్వాడు.

"అబ్బ, ఆ ఏడుపుకు ఇంచుమించు పడిపోయినా అల్లుడా నీ వలలో! తూర్పున పడినావు. అంటే గుడ్లు పడమర!"

గిర్రున వెనక్కి తిరిగాడు. తిప్పన్న ఊపిరి పీల్చుకుని, అంతలోనే సంతోషం తన్నుకొచ్చి, దాన్ని ఏడుపుగా మార్చి కేకపెట్టాడు. "అయ్యో మామా! ఆ పక్కకు పోవద్దు!"

"ఎందుకు పోకూడదో నాకు తెలుసులే!"

నక్క పడమటికి నడుస్తూ చెవులు వెనక్కి పెట్టి వింటున్నాడు. తిప్పన్న పైన ఎగురుతూ వెంట వచ్చాడు. నక్క కుడికి తిరిగితే గొంతు తగ్గించాడు. ఇంకా కుడికి పోతే అరుపే ఆపేసి గాల్లోనే ఆవలించాడు.

"ఓహో, ఇటు కాదన్నమాట," అని ఓబులేసు ఎడమకు తిరిగాడు.

"టిట్టిట్టీ! అమ్మో!"

"ఇటే, ఇటే!"

ఇంకో నాలుగడుగులు. "టిట్టిట్టిట్టీ! నా బిడ్డలు మామా!"

"దగ్గరికొచ్చేసినా!"

తిప్పన్న గొంతు పెంచుతూనే ఉన్నాడు, ఓబులేసు సంబరంతో గెంతుతూనే ఉన్నాడు. ఒక పిట్ట ఏడుస్తూ నవ్వు ఆపుకోవడం, ఒక నక్క నవ్వుతూ పిట్ట ఏడుపు లెక్కపెట్టడం గడ్డిలోంచి చూస్తున్న కుళ్లాయప్ప రెండు ముందుకాళ్లతో నోరు నొక్కుకున్నాడు. బొరియ ముందుకు చేరేసరికి తిప్పన్న అరుపుకు ఏటి అవతల కొంగలు కూడా లేచిపోయాయి.

"బొరియలో పెట్టినారా గుడ్లు! ఇది కొత్త ఎత్తే!" అంటూ ఓబులేసు మూతి లోపలికి దూర్చాడు.

లోపల గలగల.

"ఆహా, పిల్లలై ఆడుకుంటాండాయి!"

లోపల కాళ్లు దబదబ.

"పెద్ద పిల్లలే!"

"ఎవురబ్బా?" అంది చీకట్లోంచి ఒక బొంగురు గొంతు.

ఓబులేసు బిత్తరపోయాడు. "నేను... అంటే... గుడ్ల కోసం..."

"నా వీపు మీద ఉండాయి, తీసుకో నాయనా!"

సుంకమ్మ ముళ్లన్నీ విచ్చుకుని, వెనక్కి తిరిగి, వెనక్కే పరిగెత్తుకుంటూ బయటికి వచ్చింది. దాచిపెట్టుకున్న కోపమంతా ఆ పరుగులో ఉంది. నక్క మూతి బొరియలోంచి బయటికి తీసుకునే లోపలే పని అయిపోయింది. ముక్కున రెండు, మీసాల పక్కన మూడు, చెంపన నాలుగు. ఓబులేసు వేసిన కేక ముందు తిప్పన్న అరుపు గుసగుసలా వినిపించింది. కంపల్లో పడ్డాడు, కాలికి ముల్లు దిగింది. లేవబోయి మళ్లీ పడ్డాడు. ఒక కాలు కుంటుతూ, మూతి ఇసుకకు రాసుకుంటూ, పాయలో దూకి, అవతలి ఒడ్డు ఎక్కి వెనక్కి తిరిగి చూశాడు.

"నాకు అబద్ధం నేర్పినావు కదరా!" అని అరిచాడు. మూతి నిండా ముళ్లు ఉండటంతో ఆ మాట 'నాకు అంబంధం నేంపినావు' అని వినిపించింది.

తిప్పన్న పాయ నడుమ రాయి మీద వాలాడు. "నిన్న నీకు చెప్పింది ఒక్క అక్షరం అబద్ధం కాదు మామా. నువ్వు పాఠం బాగా నేర్చుకున్నావు. అందుకే నిన్ను ఎక్కడికి కావాలంటే అక్కడికి పంపించగలిగినా."

ఓబులేసు మూతి ఇంకోసారి ఇసుకకు రాసుకున్నాడు. కొత్తగా కుంటుతూ రైలుకట్ట వైపు నడిచాడు. ఈసారి కుంటడంలో నటన లేదు.

మధ్యాహ్నానికి నాలుగు గుడ్లూ పగిలాయి. తడి ఆరీ ఆరకముందే నాలుగు పిల్లలూ దారపు కండెల్లా దొర్లుకుంటూ రాళ్ల మీద ఉరకడం మొదలుపెట్టాయి. ఈరమ్మ ఒక్క కూత కూసింది. నాలుగూ ఉన్నచోటే అణిగిపోయి రాళ్లయిపోయాయి. తిప్పన్న వాటిని లెక్కపెట్టబోయి, రాళ్లతో కలిపి పదకొండు అని తేల్చాడు. ఈరమ్మ నవ్వింది. నవ్వి, నిన్న తీరిగ్గా తిడతానన్న తిట్లు మొదలుపెట్టింది. తిప్పన్న అవన్నీ తల వంచుకుని, ఎంతో హాయిగా విన్నాడు.

నీతి: ఎదుటివాడి గుట్టు నాకు తెలిసిపోయిందని మురిసిపోయేవాడు, తన మూతి ఎక్కడ పెడుతున్నాడో చూసుకోడు.